ముఖం కడుక్కోవడమే మొదటి పాఠం

రేపు పొద్దున పళ్లు తోముకునేటప్పుడు ఒక చిన్న పని చేసి చూడండి. బాత్రూంలో లైటు ఆర్పేసి, కళ్లు గట్టిగా మూసుకుని మొదలుపెట్టండి. ముందు బ్రష్ కోసం తడుముకోవాలి. పేస్టు మూత చేయి జారితే ఎటు పోయిందో తెలియదు. పేస్టు బ్రష్ మీద పడిందో, సింకులో పడిందో తెలియదు. లోపలి దవడ పళ్లు తోమామా లేదా అన్న అనుమానం చివరిదాకా వదలదు. అద్దం రోజూ మనకు ఎంత సాయం చేస్తోందో అప్పుడు అర్థమవుతుంది.

చూపు లేని పిల్లలకు ప్రతి ఉదయం ఇలాగే తెల్లవారుతుంది. మన పిల్లలకు పళ్లు తోమడం ఎవరూ ప్రత్యేకంగా కూర్చోబెట్టి నేర్పరు. నాన్న తోముకుంటుంటే చూస్తారు, అక్క ఉమ్ముతుంటే చూస్తారు, తామూ ఒక బ్రష్ నోట్లో పెట్టుకుంటారు. చూసి నేర్చుకునే ఆ దారి లేని బిడ్డకు అదే పాఠాన్ని ఎవరో ఒకరు చేతికి అందించాలి. లేకపోతే పళ్ల మీద పాచి పేరుకుంటుంది, చిగుళ్లు వాస్తాయి, పళ్లు పుచ్చిపోతాయి. ఇందులో చూపు లేకపోవడం కన్నా, నేర్పేవాళ్లు లేకపోవడమే పెద్ద కారణం.

ఈ నిజాన్ని 1887లోనే పట్టుకున్న ఒక అమ్మాయి ఉంది. అప్పటికి ఆమెకు నిండా ఇరవై ఒక్క ఏళ్లు లేవు. పేరు ఆన్ సలివాన్. చూపు, వినికిడి రెండూ లేని హెలెన్ కెల్లర్ గురించి మీరు బడి రోజుల్లో చదివే ఉంటారు. ఆ హెలెన్‌కు చదువు చెప్పిన టీచరమ్మ ఈవిడే. అయితే ఆమె మొదట నేర్పింది అక్షరాలు మాత్రమే కాదు. చేతులు కడుక్కోవడం, తల దువ్వుకోవడం, చెంచాతో తినడం. మీ ఇంట్లోనో, మీ బంధువుల ఇంట్లోనో చూపు లేని బిడ్డ ఉంటే ఆన్ జీవితం మీకు చాలా చెబుతుంది. అలాంటి బిడ్డ లేకపోయినా చదవండి. పిల్లల పనులన్నీ మనమే చేసిపెట్టే అలవాటు మన ఇళ్లలో తక్కువేం కాదు.

దువ్వెన కూడా లేని పిల్ల

ఆన్ 1866 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఫీడింగ్ హిల్స్ అనే పల్లెలో పుట్టింది. తల్లిదండ్రులు ఐర్లాండ్ నుంచి వలస వచ్చిన నిరుపేదలు. ఐదేళ్ల వయసులో ఆమెకు కళ్లకు ట్రకోమా సోకింది. ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. చేతులు, ముఖం తుడుచుకునే గుడ్డలు, ఈగల ద్వారా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. మళ్లీ మళ్లీ సోకితే కనురెప్పల లోపల మచ్చలు కట్టి, వెంట్రుకలు లోపలికి తిరిగి, నల్లగుడ్డును గీకుతూ చూపును తినేస్తుంది. దీని నివారణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ముఖ్యమైన మార్గాల్లో ఒకటి చాలా మామూలుది. పిల్లల ముఖం రోజూ శుభ్రంగా కడగడం. మన దేశంలో ట్రకోమా ఇక ప్రజారోగ్య సమస్యగా లేదని ఆ సంస్థ 2024లో ప్రకటించింది. ఆన్ చిన్నతనంలో మాత్రం యాంటీబయాటిక్ మందులే లేవు.

ఎనిమిదేళ్ల వయసులో తల్లి క్షయతో చనిపోయింది. తండ్రి పిల్లల్ని వదిలేశాడు. 1876 ఫిబ్రవరిలో ఆన్‌ను, ఆమె తమ్ముడు జిమ్మీని టూక్స్‌బరీలోని బీదల ఆశ్రమంలో చేర్చారు. తుంటి ఎముకకు క్షయ సోకిన జిమ్మీ కొద్ది నెలలకే అక్కడే కన్నుమూశాడు. రోగులు, ముసలివాళ్లు, మతిస్థిమితం లేనివాళ్లు, దిక్కులేని పిల్లలు అందరూ కలిసి బతికే ఆ చోట ఆన్ నాలుగేళ్లకు పైగా గడిపింది. ఒకరోజు ఆశ్రమం తనిఖీకి అధికారులు వచ్చారు. మసక చూపుతోనే వాళ్ల వెంటపడి, తనకు చదువుకోవాలని ఉందని వేడుకుంది. అలా 1880 అక్టోబరులో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరింది.

అప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. చదవడం రాదు, తన పేరు రాయడం కూడా రాదు. అక్కడి అమ్మాయిల్లో చాలామంది కలిగిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఆన్‌కు అప్పటిదాకా రాత్రి తొడుక్కునే గౌను గాని, తల దువ్వుకునే బ్రష్ గాని సొంతంగా ఉన్నది లేదు. సూదిలోకి దారం ఎక్కించడం తెలియదు. తోటి పిల్లలు నవ్వేవారు. ఆమె మొండికేసేది, ఎదురు తిరిగేది. చదువులో వెనకబడితే కలిగే సిగ్గు ఒకటైతే, పదిమందిలో శుభ్రంగా, ఒద్దికగా ఉండటం తెలియకపోతే కలిగే సిగ్గు మరొకటి. ఆ రెండూ ఆమె అనుభవించింది. తర్వాతి రోజుల్లో హెలెన్ విషయంలో ఆమె అంత పట్టుబట్టడానికి ఈ రోజులే కారణమేమో అనిపిస్తుంది.

కొన్ని ఆపరేషన్ల తర్వాత ఆన్‌కు అచ్చు అక్షరాలు చదవగలిగేంత చూపు వచ్చింది. అదే పాఠశాలలో లారా బ్రిడ్జ్‌మన్ అనే పెద్దావిడ ఉండేది. ఆమెకు చూపు, వినికిడి రెండూ లేవు. ఆమెతో మాట్లాడటానికి ఆన్ వేళ్ల అక్షరాలు నేర్చుకుంది. ఎదుటివారి అరచేతిలో ఒక్కో అక్షరానికి ఒక్కో వేళ్ల గుర్తు పెడుతూ మాటలు కూర్చే పద్ధతి అది. 1886లో తన తరగతిలో అందరికన్నా ముందు నిలిచి చదువు పూర్తి చేసింది.

ఇంటి జాలే అడ్డుగోడ

అలబామా రాష్ట్రంలోని టస్కంబియా అనే ఊళ్లో కెల్లర్ దంపతుల కూతురు హెలెన్ పుట్టింది 1880 జూన్ 27న. పంతొమ్మిది నెలల వయసులో తీవ్రమైన జ్వరం వచ్చి, చూపు, వినికిడి రెండూ పోయాయి. పాపకు ఆరేళ్లు దాటాక తండ్రి పెర్కిన్స్ పాఠశాలకు ఉత్తరం రాసి టీచరు కావాలని అడిగారు. 1887 మార్చి 3న ఆన్ ఆ ఇంటి గుమ్మం ఎక్కింది.

ఆ ఇంట్లో ఆమెకు కనిపించిన దృశ్యం మీకు కొత్తగా అనిపించదు. పాప ఏడిస్తే ఇంటిల్లిపాదీ వణికిపోతారు. అడిగింది ఇచ్చేస్తారు. భోజనాల బల్ల చుట్టూ తిరుగుతూ హెలెన్ అందరి పళ్లేల్లో చేయి పెట్టి, నచ్చింది తీసుకుని తినేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. పాపం, దేవుడు అంత అన్యాయం చేశాడు, మనమూ కష్టపెట్టాలా అన్న జాలి. వాళ్లది ప్రేమే. కాకపోతే ఆ ప్రేమ వల్ల ఆరేళ్లు నిండిన పిల్లకు తన పళ్లెం ఏదో తెలియదు. తల దువ్వబోయినా, చేతులు కడగబోయినా, బూట్ల బొత్తాలు పెట్టబోయినా పెద్ద యుద్ధమే.

ఆన్ కొద్ది రోజుల్లోనే ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ పాప మాట వినడం నేర్చుకుంటే తప్ప చదువు మొదలవదు. మాట వినడం రోజువారీ పనుల దగ్గరే మొదలవ్వాలి.

రుమాలు మడత పెట్టడానికి ఒక గంట

ఒకరోజు పొద్దున టిఫిన్ దగ్గర హెలెన్ ఆన్ పళ్లెంలో చేయి పెట్టబోయింది. ఆన్ పెట్టనివ్వలేదు. పాప కింద పడి తన్నుకుంటూ కేకలు పెట్టింది. చూడలేక ఇంట్లోవాళ్లు బయటికి వెళ్లిపోయారు. ఆన్ తలుపు గడియ పెట్టి, తన టిఫిన్ తాను తినసాగింది. గొంతు దిగడం లేదు, అయినా తింది. అరగంట తర్వాత హెలెన్ లేచి బల్ల చుట్టూ తిరిగి కుర్చీలన్నీ తడిమి చూసింది. తనవాళ్లెవరూ లేరు. చివరికి తన చోటికి వచ్చి చేత్తో తినబోయింది. ఆన్ చెంచా ఇచ్చింది. పాప దాన్ని నేలకు కొట్టింది. ఆన్ పాప చేతనే తీయించింది. ఇలా సాగి సాగి చివరికి హెలెన్ చెంచాతో తినింది. ఆ తర్వాత చేతి రుమాలు మడత పెట్టడం దగ్గర మళ్లీ యుద్ధం. దానికి మరో గంట పట్టింది. అంతా అయ్యాక ఆన్ తన గదిలోకి వెళ్లి మంచం మీద వాలి తనివితీరా ఏడ్చింది.

పెద్దవాళ్లు అడ్డుపడుతుంటే ఇది సాగదని ఆమెకు అర్థమైంది. తల్లిదండ్రుల్ని ఒప్పించి, ఇంటికి కాస్త దూరంలో ఉన్న తోట ఇంట్లోకి హెలెన్‌ను తీసుకుని మకాం మార్చింది. రెండు వారాలు వాళ్లిద్దరే. నిద్ర లేవడం, ముఖం కడగడం, తినడం, కుట్టు పని, నడక అన్నీ వేళ ప్రకారం. మొదటి రాత్రి పాప పక్క మీదికి రావడానికి కూడా ఒప్పుకోలేదు. రోజులు గడిచేకొద్దీ మెత్తబడింది. ఇంటి కుక్క చూడటానికి వస్తే దాని పక్కన కూర్చుని, దాని కాలి గోళ్లు పట్టుకుని, తాను నేర్చుకున్న బొమ్మ అన్న మాట వేళ్ల అక్షరాలతో దానికి నేర్పబోయింది. ఆ మాటలకు అర్థం ఉందని మాత్రం పాపకు ఇంకా తెలియదు.

తిరిగి ఇంటికి వచ్చాక అసలు పరీక్ష ఎదురైంది. భోజనం దగ్గర హెలెన్ రుమాలు కట్టుకోనని మొండికేసింది. ఆన్ పళ్లెం తీసేసింది. తండ్రి మనసు ఒప్పుకోలేదు. బిడ్డకు అన్నం దగ్గర లోటు చేయకూడదన్నారు. ఆ మాట మన ఇళ్లలోనూ ఎన్నిసార్లు వినిపించలేదు? ఆన్ మాత్రం పట్టు వదల్లేదు. మర్నాడు ఆమె బల్ల దగ్గరికి వచ్చేసరికి హెలెన్ అప్పటికే తన రుమాలు తనే పెట్టుకుని కూర్చుంది. వెనక ముడి వేసే బదులు గడ్డం కింద పిన్ను పెట్టుకుంది. సరిగ్గా ఉందా అన్నట్టు టీచరు చేత తడిమించింది. టీచరు కాదనకపోయేసరికి సంబరంగా తన ఒళ్లు తానే తట్టుకుంది. ఒక పనిని తన పద్ధతిలో తాను చేయగలగడంలోని ఆనందం అది. ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఆ పాపకు ఇవ్వనిది అదే.

నీళ్లు అనే మాట ఎక్కడ మొదలైంది?

1887 ఏప్రిల్ 5న హెలెన్ చేతి మీద పంపు నీళ్లు పడటం, రెండో చేతిలో ఆన్ నీళ్లు అని అక్షరాలు కూర్చడం, ప్రతి వస్తువుకూ ఒక పేరుంటుందని ఆ క్షణంలో పాపకు తెలిసిపోవడం అందరూ ఎరిగిన కథే. అంతకు ముందు జరిగింది చాలామందికి తెలియదు. ఆ పొద్దున ముఖం కడుక్కుంటూ హెలెన్ చేతికి తగులుతున్న నీళ్లను చూపించి, టీచరు చేతిని తట్టి, దీని పేరేమిటని అడిగింది. ఆన్ ఆ మాట చెప్పి ఊరుకుంది. టిఫిన్ అయ్యాకే, లోటాకూ అందులోని పాలకూ తేడా తెలియక తికమకపడుతున్న పాపకు ఈ కొత్త మాటతో విడమరిచి చెప్పవచ్చని ఆమెకు తట్టింది. అప్పుడే పంపు దగ్గరికి తీసుకెళ్లింది. కొద్ది గంటల్లో హెలెన్ ముప్పై మాటలు నేర్చుకుంది.

ప్రపంచం అంతా అద్భుతం అని చెప్పుకునే ఆ సంఘటన ఒక ఉదయం ముఖం కడుక్కునే దగ్గర మొదలైంది. నెల రోజుల కింద అదే పని కోసం పెనుగులాట జరిగింది. అదే పని ఇప్పుడు ప్రశ్న అడిగే చోటయింది. అందుకే పళ్లు తోమడాన్ని త్వరగా ముగించుకోవలసిన చాకిరీగా చూడకండి. చూపు లేని బిడ్డకు అది రోజుకు రెండుసార్లు జరిగే పాఠం. చల్లదనం, నురగ, పుదీనా వాసన, గరుకు, నునుపు, కుడి, ఎడమ, పైన, కింద, ఇవన్నీ ఆ రెండు నిమిషాల్లో ఉన్నాయి.

ఆన్ మరో సంగతి కూడా గమనించింది. హెలెన్ బంధువుల ఇంట్లో ఏడాది దాటిన పసిబిడ్డ ఉండేది. ఆ బిడ్డకు ఎవరూ పాఠాలు చెప్పడం లేదు, చుట్టూ మాట్లాడుతున్నారంతే. మాటలు అవే వస్తున్నాయి. అప్పటి నుంచి ఆన్ హెలెన్ చేతిలో విడి మాటలకు బదులు నిండు వాక్యాలే చెప్పడం మొదలుపెట్టింది. మీరూ పళ్లు తోమించేటప్పుడు మౌనంగా ఉండకండి. ఇప్పుడు ఏం చేస్తున్నారో, తర్వాత ఏం చేయబోతున్నారో చెబుతూ ఉండండి.

ఆమె దగ్గర తీసుకోవలసింది, వదిలేయవలసింది

ఆన్ మొదటి రోజుల్లో బలప్రయోగం చేసింది, చేతి మీద దెబ్బ కూడా వేసింది. అది ఆ కాలపు పద్ధతి. ఈనాడు దాన్ని ఎవరూ సమర్థించరు. ముఖ్యంగా నోటి విషయంలో బలవంతం అసలు పనికిరాదు. చెప్పకుండా నోట్లోకి బ్రష్ దూరితే చూపు లేని బిడ్డకు అది దాడిలాగే ఉంటుంది. ఒకసారి భయపడితే బ్రష్ శబ్దానికే నోరు బిగిస్తారు. ఆమె దగ్గర మనం తీసుకోవలసింది నమ్మకం, ఓర్పు, రోజూ అదే వేళకు అదే క్రమం. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండటం కూడా. అమ్మ నేర్పుతుంటే నానమ్మ జాలిపడి తానే తోమేస్తే పాఠం మళ్లీ మొదటికొస్తుంది.

ఇంట్లో ఇలా నేర్పండి

ముందు బ్రష్‌ను బిడ్డ చేతికివ్వండి. కుచ్చు ఎక్కడ, పిడి ఎక్కడ అని తడిమి తెలుసుకోనివ్వండి. పిడికి రబ్బరు బ్యాండు చుడితే అందరి బ్రష్‌లలో తనది ఏదో తెలుస్తుంది. బ్రష్, పేస్టు, గ్లాసు రోజూ ఒకే చోట ఉండాలి.

తర్వాత నోటిని పరిచయం చేయండి. శుభ్రంగా కడుక్కున్న వేలితో తన పళ్లు తానే లెక్కపెట్టమనండి. పళ్లు పెద్దవిగా ఉండే ప్లాస్టిక్ నమూనా దొరికితే దాని మీద బ్రష్ ఎలా తిరగాలో తడిమి చూడనివ్వండి. కర్ణాటకలోని బెళగావి దంత వైద్యులు చూపు లేని పిల్లల కోసం ఇలాంటి పద్ధతినే రూపొందించారు. ముందు మాటలతో చెప్పడం, తర్వాత నమూనా మీద తడిమించడం, ఆ తర్వాత బిడ్డ చేతే చేయించడం. తోమకముందు, తోమాక పళ్ల మీద నాలుక తిప్పి తేడా పోల్చుకోమంటారు. పాచి ఉంటే జిగటగా, గరుకుగా తగులుతుంది. శుభ్రపడితే నున్నగా జారుతుంది. అద్దం చేసే పని ఇక్కడ నాలుక చేస్తుంది.

మొదట్లో మీరు బ్రష్ పట్టుకుని, మీ చేతి మీద బిడ్డ చేయి వేయించుకోండి. మీ చేయి ఎలా తిరుగుతోందో తనకు తెలుస్తుంది. ఇష్టం లేకపోతే తన చేయి తీసేసుకునే స్వేచ్ఛ ఉంటుంది. అలవాటయ్యాక తన చేతికి బ్రష్ ఇచ్చి మీరు తోడుండండి. చిన్న చిన్న గుండ్రాలుగా తిప్పడం పిల్లలకు తేలిక. ఏ మూల నుంచి మొదలుపెట్టి ఏ మూలతో ముగించాలో ఒక వరుస పెట్టి, ఒక్కో చోట పది లెక్కపెట్టించండి. అప్పుడు ఏ పన్నూ తప్పిపోదు. రెండు నిమిషాలు పట్టే పాట ఒకటి పెడితే గడియారం అక్కర్లేదు.

పేస్టును బ్రష్ మీద కాకుండా చూపుడు వేలి మీద వేసుకోమనండి. ఎంత పడిందో వేలికి తెలుస్తుంది. దాన్ని పళ్లకు రాసుకుని తోముకోవచ్చు. మూడేళ్ల లోపు వారికి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. నల్లగొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాల్లో ఉండేవారు ఏ పేస్టు వాడాలో డెంటిస్టును అడగండి. ఉమ్మడం నేర్పడానికి ముందు ఉత్త నీళ్లతో పుక్కిలించడం అలవాటు చేయండి. సింకు అంచును చేత్తో పట్టుకుని తల వంచితే ఎక్కడ ఉమ్మాలో తెలుస్తుంది.

ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా ఏ పిల్లలకైనా పెద్దల సాయం కావాలి. బిడ్డ తోముకున్నాక రాత్రిపూట ఒకసారి మీరు సరిచూడండి. తోమేటప్పుడు నోట్లో ఉప్పగా తగిలితే చెప్పమనండి. అది చిగుళ్ల నుంచి వచ్చే రక్తం కావచ్చు. చూపున్న వాళ్లు ఉమ్మిలో ఎరుపు చూసి గమనించే విషయాన్ని ఈ పిల్లలు రుచితో పట్టుకోగలరు.

ఆరు నెలలకోసారి డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవమని, పరికరాలను ముందు చేతికిచ్చి తడమనివ్వమని, కుర్చీ వంచేముందు, గాలి ఊదేముందు చెప్పమని డాక్టరుగారిని అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

చేతిలో చెయ్యి

ఆన్ హెలెన్ వెంట దాదాపు యాభై ఏళ్లు ఉంది. ర్యాడ్‌క్లిఫ్ కాలేజీలో ప్రతి ఉపన్యాసాన్నీ ఆమె అరచేతిలో అక్షరాలుగా కూర్చి చెప్పింది. 1904లో హెలెన్ పట్టా అందుకుంది. గంటల తరబడి చదివి చెప్పడంతో ఆన్ కళ్లు మళ్లీ దెబ్బతిన్నాయి. చివరి ఏళ్లలో ఆమెకు చూపు దాదాపుగా పోయింది. 1936 అక్టోబరు 20న, డెబ్బై ఏళ్ల వయసులో కన్నుమూసింది. అప్పుడు ఆమె చెయ్యి హెలెన్ చేతిలోనే ఉంది. హెలెన్ ఆ తర్వాత మరో ముప్పై ఏళ్లకు పైగా బతికి, ఎన్నో దేశాలు తిరిగింది. 1955లో మన దేశానికీ వచ్చింది.

టీచరు లేకపోయినా ఆమె నేర్పింది నిలిచింది. పిల్లలకు మనం ఇవ్వగలిగిన వాటిలో మనం లేనప్పుడూ పనికొచ్చేవి కొన్నే ఉంటాయి. తన పళ్లు తాను తోముకోవడం చాలా చిన్నదే కావచ్చు, అయినా అది వాటిలో ఒకటి. మీ బిడ్డ చేతికి రేపు పొద్దున బ్రష్ ఇవ్వండి. పేస్టు చొక్కా మీద పడుతుంది, నీళ్లు నేల మీద పడతాయి. పడనివ్వండి.